తెల్లకొండ మీద తలకిందుల పిట్ట

బిళిగిరి రంగన బెట్టకు వెళ్ళివచ్చామని చెప్పగానే మా వీధిలో అందరూ రెండే ప్రశ్నలు అడిగారు. "రంగప్ప దర్శనం బాగా అయిందా?" అనేది మొదటిది. "ఏనుగు కనిపించిందా?" అనేది రెండవది. మొదటిదానికి అయిందన్నాం. రెండవదానికి లేదన్నాం. "అయ్యో, అంత దూరం పోయి ఏనుగును కూడా చూడకుండా వచ్చారా!" అని జాలిపడ్డారు. నిజానికి మేము వెళ్ళింది ఏనుగు కోసం కాదు, పులి కోసం అంతకన్నా కాదు. గుప్పిట్లో పట్టేంత పిట్ట ఒకటి చెట్టు మాను మీద తలకిందులుగా నడుస్తుంటే చూడడానికి వెళ్ళాం. ఆ మాట చెబితే నవ్వుతారని అప్పుడు చెప్పలేదు. మన పత్రిక పాఠకులు నవ్వినా ఓపిగ్గా చదువుతారన్న ధైర్యంతో ఇప్పుడు రాస్తున్నాను.

బిళి అంటే కన్నడంలో తెలుపు. బిళిగిరి అంటే మన మాటలో తెల్లకొండ. సంస్కృతంలో శ్వేతాద్రి. కొండ కొసన నిలువుగా తెగినట్టుండే తెల్లని రాతి చరియ మీద రంగనాథస్వామి గుడి ఉంది. బెంగుళూరు నుంచి కనకపుర, మళవళ్ళి, కొళ్ళేగాలం, యళందూరు మీదుగా వెళితే సుమారు 180 కిలోమీటర్లు. కొళ్ళేగాలానికి ముందు కావేరి దాటుతాం. యళందూరు దాటాక చెరకు, వరి మళ్ళు వెనకబడి ఒక్కసారిగా ముళ్ళపొదల అడవి మొదలవుతుంది. అక్కడి నుంచి పైకి పోయేకొద్దీ చెట్ల ఎత్తు పెరుగుతుంది, గాలి చల్లబడుతుంది. కొండల కిందనేమో ఎండుటాకుల అడవి, మీదనేమో పచ్చటి అడవి, శిఖరాల మీద గడ్డి, ఆ గడ్డి మడతల్లో సోలాలు. తూర్పు కనుమలనూ పడమటి కనుమలనూ కలిపే వంతెన ఈ కొండల వరుస అని పుస్తకాల్లో రాస్తారు. గంటన్నర ప్రయాణంలో ఇన్ని రకాల అడవి మారడం కళ్ళారా చూస్తే ఆ మాట అర్థమవుతుంది.

నేను మొదటిసారి ఇక్కడికి వచ్చింది 1994 ఏప్రిల్‌లో. అప్పటికింకా ఇది మైసూరు జిల్లాలోనే ఉండేది. చామరాజనగరం వేరే జిల్లా అయింది 1997లో. వీరప్పన్ రోజులవి. సాయంత్రం ఐదు దాటితే దారిలో బండ్లు కనిపించేవి కావు. ఆ భయంలోనే మా నాయనను వెంటబెట్టుకుని బస్సులో వచ్చాను. ఆయనకు అప్పుడు 68 ఏళ్ళు, నాకు 34. ఈసారి నాకు 64 దాటాయి. వెంట వచ్చింది పదకొండేళ్ళ మనవరాలు. నడిపింది అల్లుడు. పులిహోర కట్టింది మా ఇంటావిడ. మా అమ్మాయి మాత్రం ఒక చిన్న డబ్బా నా చేతిలో పెట్టి, "నాయనా, అక్కడైనా పెట్టుకో" అంది. అందులో చెవి మిషను ఉంది. కొని ఎనిమిది నెలలైనా బీరువాలోనే ఉన్న వస్తువది. సరేనని జేబులో వేసుకుని, గది చేరగానే పెట్టె అడుగున పెట్టేశాను.

పిట్ట ఎలా ఉంటుంది?

ఇంగ్లీషులో దీన్ని వెల్వెట్ ఫ్రంటెడ్ నట్‌హాచ్ అంటారు. నుదుటి మీద మఖమల్ గుడ్డ ముక్క అంటించినట్టు నల్లటి మచ్చ ఉండడం వల్ల ఆ పేరు వచ్చింది. 1820లో స్వెయిన్సన్ అనే ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త దీనికి పెట్టిన శాస్త్రీయ నామంలో కూడా నుదుటి ప్రస్తావనే ఉంది. ముక్కు కొస నుంచి తోక కొస వరకు పన్నెండు సెంటీమీటర్లు, అంటే మన పిచ్చుక కన్నా చిన్నది. వీపంతా ఊదా కలిసిన నీలం. గొంతు తెలుపు. పొట్ట లేత వంగపండు ఛాయ. ముక్కు పగడంలా ఎర్రగా ఉంటుంది. పిల్ల పిట్టలకు మాత్రం నల్లగా ఉండి, ఎదిగేకొద్దీ ఎర్రబడుతుంది. కన్ను పసుపుపచ్చ. మగదానికి కంటి మీద నుంచి వెనక్కి సన్నటి నల్ల గీత ఒకటి, కాటుక దిద్దినట్టు ఉంటుంది. ఆడదానికి ఆ గీత ఉండదు. మనుషుల్లో కాటుక ఆడవాళ్ళకైతే వీటిలో మగవాళ్ళకన్నమాట.

రంగుల సంగతి అలా ఉంచి, దీని నడక చూడాలి. చెట్టెక్కే పిట్ట అనగానే మనకు తోచేది వడ్రంగిపిట్ట. వడ్రంగిపిట్ట కాలికి రెండు వేళ్ళు ముందుకు, రెండు వెనక్కు ఉంటాయి. తోక ఈకలు గట్టిగా ఉంటాయి. ఆ తోకను మానుకు ఆనించి, ముక్కాలి పీట మీద కూర్చున్నట్టు కూర్చుని ముక్కుతో కొడుతుంది. తోక ఊతం కావాలి కాబట్టి దాని తల ఎప్పుడూ పైకే. కిందికి రావలసి వస్తే వెనక్కి వెనక్కి జరుగుతుందే తప్ప తల కిందికి తిప్పదు.

మన తలకిందుల పిట్టకు తోకతో పని లేదు. దాని కాలివేళ్ళు మామూలు పిట్టల్లాగే ముందుకు మూడు, వెనక్కి ఒకటి. కానీ పాదం ఒంటికి మించి పెద్దది, గోళ్ళు పదునైనవి, వెనక వేలి గోరు మరీ బలమైనది. ఇది రెండు కాళ్ళనూ పక్కపక్కన పెట్టదు. ఒకటి పైన, ఒకటి కింద పెడుతుంది. పై కాలితో బెరడును పట్టుకుని వేలాడుతుంది, కింది కాలిని ఊతంగా ఆనిస్తుంది. అందుకే మాను మీద నిటారుగా కాక కాస్త ఏటవాలుగా నడుస్తుంది. ఆ చిన్న ఉపాయంతో పైకీ కిందికీ పక్కలకీ కొమ్మ అడుగు భాగానికీ ఎక్కడికైనా పోగలదు.

ఈ విద్య వల్ల లాభం ఏమిటని మా మనవరాలు అడిగింది. బెరడు పగుళ్ళలో సాలీళ్ళు, చిన్న పురుగులు, వాటి గుడ్లు దాగి ఉంటాయి. కింది నుంచి పైకి వెదికే పిట్టలకు బెరడు పెచ్చుల పై అంచు వెనక దాగినవి కనిపించవు. పై నుంచి కిందికి వచ్చేదానికి అవే ముందు కనిపిస్తాయి. ఒకే చెట్టు మీద ఇద్దరూ బతకవచ్చు, ఒకరి కూడు ఒకరు లాక్కోనక్కర లేదు. మన ఉమ్మడి కుటుంబాలకు ఈ విద్య తెలిసి ఉంటే ఎన్ని వాటాల తగాదాలు తప్పేవో!

దీని దాయాదులు

మన దేశంలో ఈ తరహా పిట్టలు ఇంకా ఉన్నాయి. ఎండుటాకుల అడవుల్లో, పాత మామిడి తోపుల్లో ఉండే దాయాది ఒకటి. దాని పొట్ట మగదానికి ముదురు ఇటుక రంగు, వీపు నీలం కలిసిన బూడిద రంగు, చెంప తెలుపు. గట్టి గింజ దొరికితే బెరడు పగులులో ఇరికించి ముక్కుతో పగలగొట్టి తింటుంది. ఆ జాతికి ఇంగ్లీషు పేరు ఈ అలవాటు వల్లే వచ్చింది. గూడు పెట్టుకునే తొర్ర వాకిలి పెద్దదిగా ఉంటే తడి మట్టి తెచ్చి మెత్తి, తన ఒళ్ళు పట్టేంత సందు మాత్రం ఉంచుతుంది. ఎండితే ఆ మట్టి రాయిలా బిగుస్తుంది. పాము, ఉడుత, పెద్ద పిట్టలు దూరకుండా ఆ ఏర్పాటు. మన తాతల కాలంలో ఇళ్ళకు వాకిళ్ళు పొట్టిగా పెట్టింది కూడా ఇలాంటి ఆలోచనతోనేమో.

మధ్య భారతపు పలుచని అడవుల్లో మరొకటి ఉంది. దీనికి వాటితో చుట్టరికం దూరమే. ఒళ్ళంతా బూడిద, తెలుపు చుక్కలతో అచ్చం బెరడులాగే ఉంటుంది. కదలకపోతే పక్కనే ఉన్నా కనిపించదు. కొడవలిలా వంగిన సన్నటి ముక్కుతో పగుళ్ళు వెదుకుతూ పైకి ఎక్కుతుంది. చెట్టు కొస చేరాక ఎగిరి పక్క చెట్టు మొదట్లో వాలి మళ్ళీ ఎక్కడం మొదలుపెడుతుంది. ఇది తొర్రలో కాక కొమ్మ మీదే గూడు కడుతుంది. సాలెగూటి దారాలు, చెట్ల మీది రాతిపువ్వు చేర్చి కట్టిన ఆ గూడు కొమ్మకు కాసిన బుడిపెలా ఉంటుంది తప్ప గూడులా ఉండదు.

వెల్వెట్ నుదుటిది మాత్రం పచ్చదనం ఉన్న అడవి పిట్ట. పడమటి కనుమల్లో, తూర్పు కనుమల్లో, హిమాలయాల దిగువ అడవుల్లో, అక్కడి నుంచి తూర్పుగా ఇండోనేసియా దీవుల దాకా ఉంది. కాబట్టి ఒడిశాలోని మన వాళ్ళకు కూడా ఇది కొత్త చుట్టం కాదు.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మన పిట్టల తెలుగు పేర్లను ఇంగ్లీషు పుస్తకాలకు ఎక్కించిన వారిలో ముఖ్యుడు జెర్డన్ అనే వైద్యుడు. 1836లో మద్రాసులో దిగాడు. మొదటి ఉద్యోగం గంజాం కొండల్లో జ్వరాల పాలైన సిపాయిలకు వైద్యం చేయడం. ఆ తీరికలోనే తూర్పు కనుమల పిట్టలు చూడడం మొదలుపెట్టాడు. తర్వాత నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నప్పుడు యానాదులు ఆయనకు అడవి విద్య నేర్పారు. 1862 నుంచి 1864 వరకు వెలువడిన ఆయన పుస్తకంలో ఒక్కో పిట్టకు హిందీ, తమిళ పేర్లతో పాటు తెలుగు పేర్లు కూడా కనిపిస్తాయి. ఆయన పేరే పెట్టిన కలివికోడి చాలా ఏళ్ళు ఎవరికీ కనబడక, 1986లో కడప జిల్లాలో మళ్ళీ బయటపడిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు కూడా దారి చూపింది అడవి ఎరిగిన ఊరివాళ్ళే.

ఈ కొండల పిట్టల్ని పద్ధతిగా లెక్కపెట్టింది సలీం అలీ. 1939-40లో మైసూరు సంస్థానమంతా తిరిగి చేసిన సర్వేలో బిళిగిరి కొండలు కూడా ఉన్నాయి.

తెల్లవారుజామున

రెండో రోజు పొద్దున ఆరున్నరకు బయలుదేరాం. ఇది 2011 జనవరి నుంచి పులుల రక్షిత అడవి. విస్తీర్ణం సుమారు 540 చదరపు కిలోమీటర్లు. ఇష్టం వచ్చినట్టు లోపలికి నడవనివ్వరు. చీకటి పడ్డాక దారి గేట్లు మూసేస్తారు. అందుకని అటవీశాఖ జీపులో కొంత, ఊరి పక్క దారిలో నడిచి కొంత చూశాం. మాకు తోడు వచ్చింది ఒక సోలిగ పెద్దాయన. నాకన్నా రెండు మూడేళ్ళు పెద్ద. చెప్పులు లేవు, చలికి చెవుల చుట్టూ తువ్వాలు.

సోలిగలు ఈ కొండల మొదటి మనుషులు. వాళ్ళ ఊళ్ళను పోడులంటారు. వాళ్ళ భాష కన్నడానికి దగ్గరిది. రంగస్వామి వాళ్ళ ఆడబిడ్డను పెళ్ళి చేసుకున్నాడని, అందుకే ఆయన తమకు బావ అవుతాడని చెప్పుకుంటారు. దేవుణ్ణి ఎవరైనా తండ్రీ అంటారు, స్వామీ అంటారు. బావా అని పిలిచే చనువు ఎందరికి ఉంటుంది! ఆ బావగారు రాత్రులు అడవిలో తిరుగుతాడని, ఆయనకు రెండేళ్ళకొకసారి అడుగు తొమ్మిది అంగుళాల తోలు చెప్పులు కుట్టి సమర్పిస్తారు. గుళ్ళో ఆ చెప్పులనే మన తల మీద ఆనిస్తారు. అడవి లోపల వందల ఏళ్ళ నాటి దొడ్డ సంపిగె మాను, అంటే పెద్ద సంపెంగ చెట్టు, వాళ్ళకు ఇంకొక గుడి.

నల్లమద్ది చెట్ల మధ్య ఆగాం. మొసలి వీపులాంటి బెరడు ఆ చెట్లది. అంతా నిశ్శబ్దం. పెద్దాయన వేలు పైకెత్తి, "గుంపు వస్తోంది" అన్నాడు. రెండు నిమిషాల్లో వచ్చింది. అడవిలో పిట్టలు ఒక్కోసారి జాతి భేదం లేకుండా జట్టు కట్టి తిరుగుతాయి. ముందు పచ్చటి చిన్న పిట్టలు ఆకుల్లో కదిలాయి. వెనక నిప్పురవ్వల్లాంటి ఎర్ర పిట్టలు కొమ్మ కొసల్లో మెరిశాయి. పొదల్లో గోధుమరంగు పిట్టలు గొణిగాయి. అన్నిటికీ పైన, తోక కొస నుంచి రెండు తీగలు వేలాడే పెద్ద ఏట్రింత కాపలా కాసింది. ఒకరు కదిలించిన పురుగు ఇంకొకరికి దొరుకుతుంది. డేగ వస్తే ఎవరో ఒకరు కేక పెడతారు. అందుకే ఈ పొత్తు. ఏట్రింత మిగతా పిట్టల గొంతులు అనుకరించడంలో దిట్ట. దాని అనుకరణల గురించి ఈ కొండల్లోనే పరిశోధన జరిగింది. సోలిగలకు పిట్టల గురించి తెలిసిన సంగతుల మీద కూడా సమీరా అగ్నిహోత్రి, ఆంగ్ సీ అనే పరిశోధకులు 2012లో వ్యాసం ప్రచురించారు.

"తాతా, సూదులు రాలినట్టు సద్దు వస్తోంది. వినిపిస్తోందా?" అంది మనవరాలు.

నాకు ఎర్ర పిట్టల ఈలలు వినిపించాయి. ఏట్రింత కేక వినిపించింది. సూదులు వినిపించలేదు. "ఆఁ, వినిపిస్తోంది" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి వచ్చిన మరుక్షణం నాకు మా నాయన గుర్తుకొచ్చారు.

1994లో ఇదే దారిలో, ఇక్కడికి ఫర్లాంగు దూరంలో, ఎండిన కొమ్మ తొర్రలో ఈ పిట్ట గూడు చూశాం. ఆడది లోపల, మగది నోట పురుగుతో బయట. చెట్టు మీద ఉన్నంతసేపూ అది చిట్ చిట్ చిట్ అని అరుస్తూనే ఉంది. "విన్నారా నాయనా?" అని నేను అడిగితే ఆయన తల ఊపి, "వినకేం, బాగా వినిపించింది" అన్నారు. నాకు పరమానందం. ఇంటికి వచ్చాక అందరితో మా నాయన చెవులు ఇప్పటికీ పాము చెవులని చెప్పాను. ఆ తర్వాత ఐదారేళ్ళలో ఆయన మాటలు తగ్గించేశారు. పిలిస్తే పలికేవారు కాదు. పదిమంది కూర్చుంటే లేచి పక్క గదిలోకి పోయేవారు. వయసుతో విసుగు పెరిగిందని మేమంతా అనుకున్నాం. "ఎన్నిసార్లు చెప్పాలి మీకు!" అని నేనే గట్టిగా కసురుకున్న రోజులు ఉన్నాయి. ఆయన పోయి పద్దెనిమిదేళ్ళు.

వయసుతో చెవి ముందుగా పోగొట్టుకునేది సన్నటి హెచ్చు స్వరాలను. మాట వినిపిస్తూనే ఉంటుంది గనక లోపం ఉన్నట్టు మనకే తెలియదు. ఈ పిట్ట గొంతు సరిగ్గా ఆ స్వరాల్లో ఉంది. ఆ రోజు మా నాయనకు అది వినిపించి ఉండదు. కొడుకు అంత ఉత్సాహంగా అడుగుతున్నాడు కదా అని తల ఊపారు. ముప్పై ఏళ్ళ తర్వాత అదే అడవిలో, అదే పిట్ట ముందు, అదే అబద్ధం నేను ఆడితే గానీ నాకు ఆ సంగతి తెలియలేదు.

మనవరాలు అప్పటికే దుర్భిణి కళ్ళకు పెట్టుకుని చెట్టు చూపిస్తోంది. చూశాను. నలభై అడుగుల ఎత్తున నీలం ముక్క ఒకటి తల కిందికి పెట్టి జరజరా దిగుతోంది. ఆగి, ఒంటిని మాను నుంచి ఎత్తి మెడ చాచి అటూ ఇటూ చూసి, ఎర్రముక్కుతో బెరడు పెచ్చు ఒకటి విసిరి, సాలీడును లాగి మింగింది. కొమ్మ అడుగున పల్టీ కొట్టకుండా నడిచి ఆ పక్కకు పోయింది. "హల్లి హక్కి!" అంది పిల్ల కన్నడంలో. బళ్ళో, స్నేహితులతో అంతా దానిది కన్నడమే. తెలుగు ఇంట్లో, అదీ మాతో. హల్లి అంటే బల్లి. "మనం బల్లిపిట్ట అందాం" అన్నాను. మా ఇంట్లో ఆ పిట్టకు అంతవరకు పేరు లేదు. ఆ పొద్దున వచ్చింది.

"పాపా, ఇందాక అబద్ధం చెప్పాను. ఆ సద్దు నాకు వినిపించలేదు" అన్నాను. అది కాసేపు నా వంక చూసి, "మరి వినిపిస్తోందని ఎందుకన్నావు తాతా?" అంది. "నీకు బాధ కలుగుతుందని." "నాకెందుకు బాధ? నేను విని చెప్తాను కదా" అంది. నేను ఎనిమిది నెలలుగా మోస్తున్న నామోషీ ఆ పిల్లకు సమస్యగానే తోచలేదు.

ఎండిన మాను

జట్టు దాటిపోయాక నేను పాత గూడు ఉన్న చెట్టు ఆనవాళ్ళు చెప్పాను. పెద్దాయన తీసుకుపోయాడు. చెట్టు లేదు. పడిన మాను మాత్రం నాచు పట్టి అక్కడే ఉంది. దాని మీద పుట్టగొడుగులు. "పడ్డదాన్ని కూడా అడవి వదలదు" అన్నాడాయన. చుట్టూ మనిషి ఎత్తు లాంటానా కంప.

ఆ కంప కథ ఆయన చెప్పాడు. పూర్వం సోలిగలు ఏటా ఎండాకాలం మొదట్లో రాలుటాకులకు చిన్న నిప్పు పెట్టేవారట. తరగు బెంకి అంటారు దాన్ని. ఆకు కాలేది, చెట్టు కాలేది కాదు. 1970ల్లో ఇది అభయారణ్యమయ్యాక నిప్పు పెట్టడం నేరమైంది. ఆ తర్వాతే కంప పెరిగిందని, ఇప్పుడు నిప్పు పడితే కంప అంటుకుని చెట్టు కొస దాకా పోతుందని ఆయన అన్నాడు. పరిశోధకులు కూడా కంప లెక్క తీశారు. 1997లో వాళ్ళు పరిశీలించిన చోట్లలో నూటికి 41 చోట్ల ఉన్న లాంటానా 2008 నాటికి 81 చోట్లకు పాకింది. కంప కింద మొలకలు ఎదగవు. ఈ రోజు మొలక ఎదగకపోతే యాభై ఏళ్ళ తర్వాత మాను ఉండదు. మాను లేకపోతే దానికి తొర్ర ఉండదు. అడవిలో తేనె, ఉసిరికాయలు ఏరుకునే హక్కు కోసం సోలిగలు చాలా ఏళ్ళు పోరాడారు. 2011లో వాళ్ళ గ్రామసభలకు సాముదాయిక హక్కు పత్రాలు వచ్చాయి. పులుల రక్షిత అడవిలో అలా ఇవ్వడం దేశంలో అదే మొదలని చెబుతారు.

బల్లిపిట్ట ముక్కు పురుగు తీయడానికి పనికొస్తుంది గానీ గట్టి మాను తొలవడానికి చాలదు. ముసలి చెట్టుకు బూజు పట్టి లోపల మెత్తబడాలి, లేదా వడ్రంగిపిట్ట వచ్చి తొలిచి, వాడుకుని, వదిలిపోవాలి. అప్పుడు దీనికి ఇల్లు. నాచు, వెంట్రుకలు, ఈకలు పరచి మూడు నుంచి ఆరు గుడ్లు పెడుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా దాని కాపురం. అంటే పచ్చటి చెట్టు ఎంత అవసరమో ఎండిన మాను అంత అవసరం. మనమేమో ఎండిన చెట్టును చూడగానే కట్టెల లెక్క వేస్తాం.

ఈ మాట నాకే తగిలింది. హోసూరు దగ్గర మా ఊరి దొడ్లో రెండేళ్ళ క్రితం పనసచెట్టు ఎండిపోయింది. కొట్టించి అమ్మేద్దామని మా తమ్ముడికి నేనే చెప్పాను. కొండ మీద నుంచే ఫోన్ చేసి, "మొదలు పన్నెండడుగులు ఉంచి పైది కొట్టించు" అన్నాను. "మొదలే కదా అన్నా ధర పలికేది!" అన్నాడు వాడు. నా వాటా డబ్బు వదులుకుంటానన్నాను. మా దొడ్లోకి బల్లిపిట్ట రాదు, అది అడవిది. గోరువంకలు వస్తాయి, పగిడికంటె వస్తుంది. అవి చాలు.

మూడో రోజు పొద్దున పెట్టె అడుగు నుంచి డబ్బా తీసి చెవి మిషను పెట్టుకున్నాను. ముందు నా చొక్కా రాపిడే పెద్ద చప్పుడయింది. కాళ్ళ కింద ఆకులు అప్పడాల్లా విరిగాయి. అరగంట తిరిగినా జట్టు రాలేదు. తిరిగి వస్తుంటే గుడి దారి పక్క చెట్టు మీద ఒంటి పిట్ట కనిపించింది. చిట్ చిట్ చిట్. ముప్పై ఏళ్ళ క్రితం విన్నంత తేటగా కాదు. పక్కింట్లో ఎవరో పళ్ళెంలో ఆవాలు పోస్తున్నట్టు, దూరంగా. మనవరాలు నా వంక చూసింది. తల ఊపాను. ఈసారి అబద్ధం కాదు.

మా నాయనకు ఈ మిషను కొని ఇవ్వవలసిన వయసులో నేను ఆయనను కసురుకున్నాను. ఆ అప్పు తీరేది కాదు. మీ ఇళ్ళల్లో పెద్దలు ఉన్నట్టుండి మాట తగ్గిస్తే, వాళ్ళకు విసుగు వచ్చిందనుకునే ముందు ఒకసారి చెవి పరీక్ష చేయించండి. వాళ్ళు "బాగా వినిపిస్తోంది" అన్నా సరే.

చివరగా పాఠకులకు ఒక మనవి. బరంపురం, పర్లాకిమిడి వైపు కొండల్లో, నీలగిరుల దగ్గర, మహారాష్ట్ర అడవుల పక్కన మన వాళ్ళు తరాలుగా ఉన్నారు. మాను మీద తలకిందులుగా దిగే ఈ నీలం పిట్టను మీ అవ్వాతాతలు ఏమని పిలిచేవారో పత్రికకు రాయండి. మంచి పేరు దొరికితే మా బల్లిపిట్ట పేరు సంతోషంగా మార్చుకుంటాం. దొరక్కపోతే మా మనవరాలు పెట్టిన పేరే మీరూ వాడుకోవచ్చు.